జ్వరం రాని ఒళ్ళు

వ్యాపారంలోకి దిగేనాటికి నా చేతిలో ఉన్నవి రెండే. నిలబడి ఉన్న జామాయిల్ తోట చుట్టూ ఒకసారి తిరిగొస్తే, నరికితే ఎంత తూగుతుందో చెప్పగల కన్ను ఒకటి. ఎంత వానలో తడిసినా, ఏ వాగు నీళ్ళు తాగినా జ్వరం రాని ఒళ్ళు ఒకటి. ఆ రెండింటి మీదే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను. ఏన్కూరు చుట్టుపక్కల తోటలు కొని, నరికించి, బెరడు తీయించి, సారపాక కాగితం మిల్లుకు తోలాను. వానలు మొదలైతే నా తోటి వ్యాపారులు దుప్పట్లు కప్పుకుని మంచమెక్కేవారు, భద్రాచలం అడివి దోమకు వావివరసలు లేవని నవ్వేవారు. నన్ను మాత్రం ఏ దోమా ఏమీ చేయలేదు. చేయలేదన్న ధీమా కూడా నా సరుకులో భాగమే. తోట బేరానికి వెళ్ళినప్పుడు రైతు నా కన్ను చూసి సగం, ఒళ్ళు చూసి సగం నమ్మేవాడు. ఇప్పుడు ఖమ్మం దవాఖానాలో గోడకు ఆనించిన ఇనుప బెంచీ మీద కూర్చుని ఉన్నాను. పక్కన నా భార్య సుజన. ఆమె ఎడమ మోచేతి మడతలో చిన్న దూది ముక్క, దాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకుని ఉంది. నెత్తురు ఆగి చాలాసేపయింది, అయినా నొక్కుతూనే ఉంది. గంట పడుతుందన్నారు. నా సంగతి ముందే తేలిపోయింది, ఈ గంట ఆమెది.

ఇక్కడ ఎవరూ ఎవరి మొహమూ చూడరు. బస్సు కోసం కూర్చున్నవాళ్ళు కూడా ఏ ఊరని అడుగుతారు, ఇక్కడ ఆ మాట ఉండదు. ఫ్యాను తిరుగుతున్నప్పుడల్లా ఒక రెక్క దేనికో తగిలి టక్కుమంటోంది. ఫినాయిలు వాసన. ఫినాయిలు వాసనలో ఎక్కడో జామాయిల్ ఆకు నలిపిన ఘాటు ఉంటుంది, లేకపోతే నా ముక్కుకే అన్నిట్లోనూ అది తగులుతుందేమో. తడిసిన బెరడు, బురద, డీజిలు పొగ, ఆ రోజు కూడా అదే వాసన. ఆషాఢం ముసురు. లారీ టైర్లు తోటలో దిగబడ్డాయి, పొద్దుటి నుంచి గొలుసు పట్టుకుని అందరితో పాటు నేనూ లాగాను. తడి చేతులకు గొలుసు రాసుకుని అరచేతుల్లో తోలు లేచిపోయింది, రెండు చేతులూ పచ్చి పుండ్లు. ఎవరు చూస్తారు, పని నడవాలి. లారీ మీద దుంగలు సర్దుతున్నది రెడ్యా. పక్క తండా మనిషి, నా నరుకుడు ముఠాకు మేస్త్రీ. ఎవడు ఏ చెట్టు మీద గొడ్డలి వేయాలో, ఏ పక్కకు పడేయాలో ఈలతో చెప్పేవాడు, నోరు తెరవాల్సిన పనే లేదు. గొలుసు తెగింది. దుంగలు జారాయి. రెడ్యా వాటితో పాటు కిందికి వచ్చాడు, ఒక దుంగ వాడి తొడ మీదుగా దొర్లిపోయింది.

తువ్వాలు బిగించి కట్టినా నెత్తురు ఆగలేదు. జీపులో వేసుకుని, నా రెండు అరచేతులూ ఆ గాయం మీద పెట్టి నొక్కాను. ఏన్కూరు నుంచి ఖమ్మం దాకా చేతులు తీయలేదు. అదీ ఒక గంటే. దాని పొడవు నాకు తెలుసు కాబట్టే ఈ గంట పొడవూ తెలుస్తోంది. జీపు గతుకుల్లో ఎగిరినప్పుడల్లా నా వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా పొంగేది, మళ్ళీ నొక్కేవాణ్ణి. పుణ్యం కోసం చేశానని చెప్పను. మేస్త్రీ పోతే ముఠా చెదిరిపోతుంది, గొడ్డళ్ళు పట్టినవాళ్ళు ఇరవై మంది ఉన్నా ఈల వేసేవాడు లేకపోతే వాళ్ళు ఇరవై మంది విడివిడి మనుషులే. ముందు అదే ఆలోచించాను. సగం దారిలో వాడు కళ్ళు తేలేస్తే, "రెడ్యా, ఒరే, ఈల వెయ్యరా" అని అరిచాను. వాడు పెదాలు సున్నాలా చుట్టాడు గానీ ఊపిరి రాలేదు. అప్పటి నుంచి మాత్రం ముఠా గురించి ఆలోచించినట్టు గుర్తులేదు.

"ఇడ్లీ తినండి, ఆరిపోతున్నయ్" అంది సుజన, టిఫిను డబ్బా నా వైపు జరిపి. వద్దన్నాను. తనూ తినలేదు, మూత పెట్టేసింది. ఆ మూత నొక్కే చప్పుడు విని ఎదురు బెంచీ మీద ఉన్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు. ఇక్కడ అందరూ చిన్న చప్పుళ్ళకు ఉలిక్కిపడతారు.

తర్వాత కొన్ని వారాలకు నాకు జ్వరం వచ్చింది. నాకు! ఒళ్ళంతా విరగ్గొట్టినట్టు, గొంతులో పుండ్లు, మెడ పక్కన ఉసిరికాయలంత గడ్డలు, ఛాతీ మీద ఎర్రటి దద్దు. ఇంకో ప్రాంతంలో అయితే ఇదేం జ్వరమని నలుగురు నాలుగు రకాలుగా అనేవారేమో. మా దగ్గర ఆ అవసరం లేదు. మా అడివంచున జ్వరానికి ఒకటే పేరు, ఒకటే బిళ్ళ. రెడ్యా భార్య మూడేళ్ళ కింద జ్వరాలతో చిక్కి చిక్కి పోయినప్పుడు కూడా మలేరియా ముదిరిందన్నారు. అన్నారు కాదు, అన్నాం, నేనూ ఉన్నాను ఆ మాటలో. మందుల కొట్టు నుంచి బిళ్ళలు తెప్పించి మింగాను. పది రోజులకు చెమట పట్టి జ్వరం దిగిపోయింది. ఆ బిళ్ళను తెగ పొగిడాను. లోడింగు వాళ్ళందరికీ చెప్పాను, ఇది మింగండిరా, నన్ను నిలబెట్టిందని. సుజన దిష్టి తీసింది. గంజి తాగి, మంచం మీదే కూర్చుని, వచ్చే వారం కొట్టాల్సిన తోట బేరం ఫోనులోనే ముగించాను. ఇంటి మనిషిగా ఇంట్లోనే ఉన్నాను, భార్య పక్కనే పడుకున్నాను. ఆ రోజులే ఇప్పుడు నన్ను ఈ బెంచీ మీద కూర్చోబెట్టాయి. నా గురించి అయితే నేను ఇంత దూరం ఆలోచించేవాణ్ణి కాదు.

రెడ్యా దవాఖానాలోంచి కబురు పంపాడు. వెళ్ళేసరికి కాలు మోకాలి పైదాకా తీసేసి ఉన్నారు. మంచం పక్కన ఎవరూ లేకుండా చూసుకుని పిలిచాడు.

"సావుకారీ, దగ్గరికి రా. ఇంకా దగ్గరికి. గట్టిగ చెప్పే మాట కాదు."

"ఏందిరా?"

"నీ అరచేతులు మానినయా?"

"ఎప్పుడో మానినయ్."

"గదే నా భయం. నా నెత్తురు మంచిది కాదంట. ఆపరేషన్‌కు ముందు పరీక్ష చేసిన్రు, నాకూ ఈ మధ్యనే చెప్పిన్రు. నీ చేతులకు ఆ రోజు తోలు లేకుండె గదా. పోయి చూపించుకో. జల్దీ పో."

"నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేదే కాదు గదరా."

"చెప్పొద్దనే అనుకున్న. నా పని పోతదని, తండాల తలెత్తలేనని. నువ్వు జొరంతోని పడ్డవని మా అక్క చెప్పింది. ఇగ నిద్ర పట్టలే."

నా జీవితంలో నాకు నష్టం జరగకూడదని తమ నష్టం చూసుకోకుండా మాట చెప్పినవాళ్ళు ఎంతమంది? బేరాల్లో బతికినవాణ్ణి, అలాంటి మాట విన్నప్పుడు ముందు దాని వెనక ఏముందని వెతుకుతాను. వెతికాను. ఒక కాలు లేని మనిషి తప్ప ఏమీ లేదు.

అప్పుడే పరీక్ష చేయించుకున్నాను. ఏమీ లేదని కాయితం ఇచ్చారు. మిల్లు గేటులో సరుకు దాటినట్టు అనిపించింది, గేటు దాటిన లారీని ఎవరూ వెనక్కి పిలవరు. లేచి రాబోతుంటే పరీక్షకొచ్చినవాళ్ళకు సలహా చెప్పే కౌన్సెలరమ్మాయి సరళ ఆపింది. ఇప్పుడు లేకపోవడం లేనట్టు కాదు సార్, ఒంట్లో ఉన్నా పరీక్షకు దొరకని రోజులుంటయ్, మూడు నెలలకు మళ్ళీ రండి, అప్పటిదాకా ఇంట్లో దూరం పాటించండి అంది. దూరం! వానాకాలమంతా లారీలు రాత్రిళ్ళు దిగుతున్నాయని చెప్పి మంచం నా కలప డిపోకు మార్చాను. అబద్ధం చెప్పి సరుకు అమ్మడం తెలుసు, అబద్ధం చెప్పి భార్యను కాపాడటం ఎప్పుడూ చేయలేదు. సరిగ్గా కుదరలేదు. నాకు డిపోలో ఎవరో ఉన్నారని ఆమె తేల్చుకుంది.

మూడు నెలల తర్వాత ఉందని తేలింది. కుర్ర డాక్టరు, కళ్ళజోడు పదేపదే పైకి నెట్టుకుంటూ, యుద్ధం, సైన్యం అని మొదలుపెట్టాడు. జ్వరం సంగతి అడిగి రాసుకున్నాడు.

"ఆ జ్వరం మలేరియా కాదండీ. మీ ఒళ్ళు తెచ్చిన జ్వరం."

"నా ఒళ్ళెందుకు తెస్తది సార్?"

"కొట్లాడింది గదా."

"బిళ్ళలకు తగ్గింది."

"బిళ్ళలు ఏం చేయలేదు. మీ రక్తంలో చంపే కణాలుంటాయి. ఆ వారాల్లో అవి లక్షలకు లక్షలు పుట్టి, వైరస్ దూరిన కణాల్ని వెతికి వెతికి చంపాయి. అందుకే తగ్గింది."

సైన్యం నాకు తెలియదు. ముఠా తెలుసు. ఆయన చెప్పినదాన్ని ముఠాగా మార్చుకున్నాకే నా తలకెక్కింది. రక్తంలో మేస్త్రీలుంటారు, గొడ్డలి పట్టేవాళ్ళుంటారు. ఈ పురుగు వచ్చి దూరేది మేస్త్రీల్లోనే. అదీ దాని తెలివి, ఏ వ్యాపారికీ తీసిపోని తెలివి. గొడ్డలివాళ్ళు ఊరుకోరు, మేస్త్రీ ఈల ఇంకా వినపడుతుండగానే లేస్తారు, పుట్టలు పుట్టలుగా లేస్తారు. కానీ వాళ్ళు నరకాల్సింది ఎవరిని? పురుగు దూరిన తమ మనుషుల్నే. డిపోలో పేర్చిన దుంగల చట్టాకు చెద పడితే మేమూ అదే చేస్తాం. చెద పట్టిన దుంగల్ని లాగి బయటపడేసి కిరోసిన్ పోసి కాలుస్తాం. మన సరుకునే మనం కాల్చుకుంటాం, మిగతా చట్టా నిలబడాలని. ఆ మంటే నా జ్వరం. నేను మంచం మీద మూలుగుతూ బిళ్ళ పేరు జపిస్తుంటే, లోపల రాత్రింబవళ్ళు నా మనుషులు నా మనుషుల్ని తగలబెడుతున్నారు. ఎవరికీ చెప్పకుండా, కూలి అడగకుండా. చెమట పట్టి జ్వరం దిగిన రోజు వాళ్ళు అలసి కూర్చున్న రోజన్నమాట. ఆ రోజు నేను గంజి తాగి బిళ్ళను మెచ్చుకున్నాను.

మరి నా ఒళ్ళు గెలిచిందా సార్ అని అడిగాను. చాలావరకు అన్నాడు. మొత్తం ఎవరిదీ గెలవదు, బయటికి ఏ గుర్తూ లేని కణాల్లో కొంత దాక్కుని ఉంటుంది, చంపేవాళ్ళకు అది కనపడదు. మేలిమి దుంగలా ఉండి లోపల చెద ఉన్న దుంగ. తట్టి చూసినా తెలియదు. ఇన్నేళ్ళు పైకి చూసి లోపల ఎంతుందో చెప్పి బతికిన కన్ను నాది, నా ఒంట్లోదే దానికి తెలియలేదు. మొదటి వారాల్లో ఒళ్ళు ఎంత గట్టిగా కొడితే తర్వాత అంత కాలం నిలబడే వీలుందండీ, మీది బాగా కొట్టినట్టుంది అన్నాడు. మేస్త్రీ కణాలు ఆరువందల పైన మిగిలాయట. మూడువందల యాభై లోపుకు పడితేనే సర్కారు మందులట, నాకు ఇప్పుడప్పుడే అక్కర్లేదట, ఆరు నెలలకొకసారి వచ్చి లెక్క చూపించుకోవాలట. ఆ పోరు ఆగదు, జ్వరం లేకుండా నడుస్తూనే ఉంటుంది అన్నాడు. అప్పటి నుంచి నాకు అలసట. రోగం అలసట కాదని డాక్టరే అన్నాడు. లోపల ఎవరో పొద్దస్తమానం పని చేస్తున్నారని తెలిశాక, కూర్చున్నా కూర్చున్నట్టుండదు.

ఫ్యాను రెక్క టక్కుమంది. సుజన దూదిని తీసి చూసింది, మళ్ళీ అక్కడే పెట్టి నొక్కింది. ఆమె చేతి మీది నరాలు చూస్తున్నాను. వాటి లోపలికి చూసే కన్ను నాకు లేదు.

ఆమె డిపోకు వచ్చింది ఒక మధ్యాహ్నం. నాకు ఉందని తేలిన వారమే. ఆటో దిగి, గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న రెడ్యాను అడగడం లోపలి నుంచి విన్నాను. దవాఖానా నుంచి వచ్చినప్పటి నుంచి వాడు అక్కడే, గేటు కాపలా.

"లోపల ఎవరున్నరు రెడ్యా?"

"సావుకారి ఉన్నడమ్మా. ఆయన రేడియో ఉన్నది."

ఆమె లోపలికి వచ్చి తలుపు వెనక చూసింది. దండెం మీద చూసింది, నా రెండు చొక్కాలు.

"ఎవరూ లేరేంది?"

"ఎవరుంటరు?"

"ఎవరన్నా ఉంటే బాగుండు. జుట్టు పట్టుకుని తిట్టిపోదామని వచ్చిన."

చెప్పేశాను. గొలుసు, అరచేతులు, జీపు, జ్వరం, అన్నీ. చెబుతున్నంతసేపూ నాకే వినపడుతోంది, ఇది అమ్ముడుపోయే మాట కాదని. ఈ జబ్బు ఉన్న మగవాడు దేని గురించి ఏం చెప్పినా లోకానికి ఒకటే అర్థమవుతుంది. వంకర తోటను చక్కని తోటగా చెప్పి ఎన్నిసార్లు ఒప్పించాను, తీరా ఉన్నదున్నట్టు చెప్పాల్సి వస్తే కొనేవాళ్ళు లేరు. నమ్ముతావా అని అడగలేదు, అడగడానికి మొహం లేదు. ఆమె దండెం మీది చొక్కాల వైపు తిరిగింది.

"ఆ రోజు చొక్కా ఉతికింది నేనే గదా" అంది. "మూడు నీళ్ళు మార్చినా ఎర్రగనే దిగింది. మీ చేతులకు వెన్న రాసింది నేను. అన్నం కలుపుకోలేకపోతే ముద్దలు పెట్టింది నేను. నాకు వేరేవాళ్ళు చెప్పాల్నా?"

బయటికి వెళ్ళి, వెంట తెచ్చిన అన్నంలో సగం రెడ్యాకు పెట్టింది. మర్నాడు తనే పరీక్షకు బయల్దేరింది. లేదన్నారు. నెల ఆగి మళ్ళీ రమ్మన్నారు. నాకూ మొదట లేదనే అన్నారు, ఆ మాట మీద నాకు నమ్మకం పోయింది. అందుకే ఈ రోజు.

"ఒక మాట చెప్పలే మీకు" అంది సుజన, ఎదురుగా గోడను చూస్తూ.

"ఏంది?"

"వినాయక చవితప్పుడు నాకు జొరమొచ్చింది. నాలుగైదు రోజులు. ఒళ్ళు నొప్పులు, ఒకటే చలి."

"గిప్పుడా చెప్పేది?"

"అప్పుడు మీ మీద కోపం. డిపోల ఎవతితోనో ఉన్నరని. చస్తే చస్త గానీ చెప్పొద్దనుకున్న. తర్వాత చెబుదామంటే మీ మొహం చూస్తే నోరు రాలే. ఆశా వర్కర్ వచ్చి వేలు గుచ్చి గాజుపలక మీద చుక్క తీసుకపోయింది. ఆ రిజల్ట్ ఇగ రానే లేదు. బిళ్ళలిచ్చింది."

"తగ్గిందా?"

"తగ్గింది. బిళ్ళలతోనే తగ్గింది."

ఆ మాట నేనూ అన్నాను, ఇదే గొంతుతో. చవితి అంటే నేను డిపోకు మారిన వెంటనే. వారాలు వెనక్కి తిప్పుకుంటే సరిగ్గా పడుతోంది, పడకూడని చోట పడుతోంది. గొంతు నొప్పి ఉందా? గుర్తులేదంది. మెడ దగ్గర గడ్డలు? చూసుకోలేదంది. ఆ నాలుగు రోజులు ఆమె ఒక్కతే ఆ ఇంట్లో, నన్ను తిట్టుకుంటూ, లోపల ఏం జరుగుతోందో తెలియకుండా. ఆమెలోనూ లేచారా గొడ్డలివాళ్ళు? నేను పంపిన చెదను కాల్చడానికి ఆమె తన సరుకును తగలబెట్టుకుందా? లేక ఏదో మురుగు కాలవ మీద పుట్టిన దోమ, దారిన పోతూ ఆమె మీద వాలిందా? జ్వరం ఎప్పుడూ రాని మగవాణ్ణని దోమల్ని ఎన్ని మాటలన్నానో. ఈ బెంచీ మీద కూర్చుని దోమను బతిమాలుతున్నాను. నువ్వే అయి ఉండు. ఎంత చలి పెట్టావో, ఎంత వణికించావో, అదంతా నీదే అయి ఉండనీ. ఏ జ్వరానికైనా మా దగ్గర ఒక్క పేరే ఉండబట్టి మోసపోయినవాణ్ణి, ఈ ఒక్కసారి ఆ పేరే నిజం కావాలి. నా చేయి దానంతటదే వెళ్ళి ఆమె నుదుటి మీద పడింది. ఆమె తీసేయలేదు. ఇంత మంది ముందు నేనలా ఎప్పుడూ ముట్టుకోలేదు. జీపులో రెడ్యా తొడ మీద పెట్టినట్టే పెట్టానని కాసేపటికి తెలిసింది, తీస్తే ఏదో పొంగుతుందన్నట్టు.

"సుజనక్కా, రండి. మీరూ రండి సార్." సరళ తలుపు దగ్గర నిలబడి ఉంది.

ఆ అమ్మాయి మొహంలో ఏమీ కనపడకుండా పెట్టుకోవడం నేర్చుకుంది. మంచి వ్యాపారికి ఉండాల్సిన మొహం. మేం కూర్చున్నాకే చెప్పింది.

"నీకేం లేదక్కా. పోయినసారీ లేదు, గిప్పుడూ లేదు. గడువు దాటింది, ఇగ భయపడే పని లేదు."

సుజన కదల్లేదు. "మరి జొరం?"

"ఏ జొరం?"

చెప్పింది. సరళ విని, మొదటిసారి నవ్వింది. "అయ్యో అక్కా! చవితప్పుడు మా తండాల సగం మందికి జొరమే. మన దిక్కు జొరమొస్తే మలేరియానే గదా ఇంకేముంటది..." అని నా వైపు చూసి ఆగిపోయింది. తర్వాత మెల్లగా అంది, "ఉత్త మలేరియానే అయి ఉంటది."

బయటికి వచ్చాం గానీ బస్టాండు దాకా నడవలేకపోయాం. అదే బెంచీ మీద మళ్ళీ కూలబడ్డాం. సుజన డబ్బా తెరిచి ఆరిపోయిన ఇడ్లీ ఒకటి తిని, ఒకటి నా చేతిలో పెట్టి, నా భుజానికి ఆనుకుని అలాగే నిద్రపోయింది. చూసేవాళ్ళు చూస్తున్నారు, ముసలాయన కూడా చూస్తున్నాడు.

చేతిలో రెండింటితో దిగాను. కన్ను ఇక పూర్తిగా నమ్మదగింది కాదు, దుంగను తట్టి చూసినప్పుడల్లా అనుమానం వస్తుంది. జ్వరం రాని ఒళ్ళు పోయింది. దాని స్థానంలో ఆగని పనిలో ఉన్న ఒళ్ళు మిగిలింది, ఎన్నాళ్ళు నిలబెడుతుందో డాక్టరు కూడా చెప్పలేదు. పోయినవాటికి బదులుగా వచ్చినవి చూస్తే, డిపో గేటు దగ్గర స్టూలు మీద ఒక కాలితో కూర్చుని లోపలికొచ్చే లారీలకు ఈల వేస్తున్న మనిషి ఒకడు. నేను చెబితే నాకే నమ్మబుద్ధి కాని మాటను నమ్మిన మనిషి ఒకతె, నా భుజం మీద నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. నుదురు చల్లగా ఉంది. ఆమెకు వచ్చింది ఉత్త మలేరియా.